మా పక్కింటి రబ్బీ తాత

పోయిన నెలలో ఒకరోజు డెట్రాయిట్ పక్కన నోవైలో, మా ఇంటి దగ్గరి పెద్ద షాపులో బియ్యం సంచుల ముందు నిలబడి ఉన్నాను. సోనామసూరి పాతదో కొత్తదో తేల్చుకోలేక సంచి నొక్కి చూస్తూ, నాకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తున్నానట. పక్కనుంచి వెళుతున్న ఒక కుర్రాడు టక్కున ఆగిపోయాడు. నల్ల కోటు, గడ్డం, చెవుల పక్కన మెలితిరిగిన జుట్టు పాయలు. తోపుడుబండిలో ఒక పసివాడు, ఐస్‌క్రీమ్ డబ్బాలు.

"ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్, ఆ పాట మీకెలా వచ్చు?"

"ఏ పాట?"

అతను గొంతు తగ్గించి రెండు వరుసలు అందుకున్నాడు. మాటల్లేని పాట, ఒట్టి లలలలే. "ఇది మా వాళ్ళు శనివారం భోజనాల దగ్గర పాడుకునే పాట. బయట ఎవరి నోటా వినలేదు నేను" అన్నాడు.

"అదో పెద్ద కథ బాబూ. చెప్పడం మొదలుపెడితే నీ ఐస్‌క్రీమ్ కరిగిపోతుంది" అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయాడు. నేను బియ్యం కొనడం మర్చిపోయి ఇంటికి వచ్చాను. అతనికి చెప్పని ఆ కథే ఇది.

మేము ఈ దేశం వచ్చిన కొత్తల్లో నాకు రెండో క్లాసు వయసు. నాన్నకి డెట్రాయిట్‌లో కార్ల కంపెనీలో ఉద్యోగం. అప్పటికి నోవై అంటే చేలూ చెట్లూ. ఫార్మింగ్టన్ హిల్స్‌లో అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్నాయి. మేము ఊరికి దగ్గరగా ఒక పాత వీధిలో జంట ఇంట్లో సగం అద్దెకు తీసుకున్నాం. అమ్మ, నాన్న, నేను, మాతోపాటు వచ్చిన నాయనమ్మ. మధ్యలో ఒకే గోడ. ఆ గోడకి అవతల రబ్బీ తాత కుటుంబం.

యూదుల్లో హసీదులని ఒక శాఖ ఉంది. వాళ్ళ గురువు, అంటే రబ్బీ, ఆయన. తెల్ల గడ్డం పొట్ట మీదికి దిగేది. ఎండైనా వానైనా నల్ల కోటే. వాళ్ళ సగంలో ముందు గదులు రెండూ కలిపి ప్రార్థన మందిరం చేసుకున్నారు. వెనక గదుల్లో ఆయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, నా ఈడు మనవరాలు కాపురం ఉండేవారు. శనివారం పూట ఆయన గంపంత బొచ్చుటోపీ పెట్టుకుని గుమ్మంలోకి వస్తే నాయనమ్మ కిటికీ తెర పక్కకి తీసి, "నెత్తిమీద పిల్లిని పడుకోబెట్టుకున్నాడేమిటే ఆయన!" అని ఆశ్చర్యపోయేది.

పరిచయం దగ్గుతో మొదలైంది. ఒక శుక్రవారం సాయంత్రం నాయనమ్మ గోంగూర లేదని బెంగపడి, దొరికిన ఏదో ఆకుతో పచ్చడి చేస్తానని గుప్పెడు ఎండుమిరపకాయలు నూనెలో వేయించింది. ఆ ఘాటుకి మేమే ముందు గుమ్మం తెరుచుకుని బయటికి పరిగెత్తాం. అంతలో గోడ అవతల ఒకరు దగ్గారు. తర్వాత ఇద్దరు. ఆ తర్వాత మందిరం మొత్తం దగ్గింది, తుమ్మింది. వాళ్ళు నిలబడి నిశ్శబ్దంగా ప్రార్థించే సమయం అదేనట.

ఆదివారం పొద్దున రబ్బీ తాత మా తలుపు తట్టారు. నాన్నేమో, ఇల్లు ఖాళీ చేయమంటారనుకున్నాడు.

"సర్, వియ్ ఆర్ వెరీ సారీ సర్. మా అమ్మకి తెలియక..." అని మొదలుపెట్టాడు.

ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. ఆయన ఇంగ్లీషుకి వాళ్ళ ఊరి యాస దట్టంగా ఉండేది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "చూడండి, మా వాళ్ళు వారమంతా ఒళ్ళు విరుచుకుని పని చేసి వస్తారు. ప్రార్థనలో నిలబడే నిద్రపోతారు. నేను నలభై రకాలుగా చెప్పి చూశాను. మొన్న ఒక్కడు నిద్రపోతే ఒట్టు! అమ్మగారికి నా కృతజ్ఞతలు చెప్పండి. శుక్రవారం ఒక్కరోజు కాస్త తగ్గించమనండి. మిగతా రోజులు ఆవిడ ఇష్టం."

నాన్న తెలుగులో చెబితే నాయనమ్మ తలుపు చాటునుంచే, "మర్యాదస్తుడు" అని తీర్పు ఇచ్చేసింది. ఆయన పరాయి ఆడవాళ్ళ ముఖంలోకి చూడరు, చెయ్యి కలపరు అని తెలిశాక ఆ గౌరవం రెట్టింపయింది.

ఆ రోజునుంచి మనవరాలూ నేనూ ఒకటే జట్టు. నాయనమ్మా, రబ్బీ మామ్మా ఇంకో జట్టు. రబ్బీ మామ్మ అంటే రబ్బీ తాత భార్య. జుట్టు కనపడకుండా రుమాలు కట్టుకునేది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. అయినా వెనక మెట్ల మీద కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఆవిడ తన భాషలో కోడలి సంగతులు, ఈవిడ తెలుగులో కోడలి సంగతులు. ఎవరు ఎక్కడ "అయ్యో" అనాలో ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు రబ్బీ మామ్మ మమ్మల్ని వంటగదిలోకి పిలిచింది. వాళ్ళలో పాలూ మాంసమూ కలవకూడదట. గిన్నెలు కడగడానికి పాలకి ఒక తొట్టి, మాంసానికి ఒక తొట్టి. గిన్నెలు వేరు, చెంచాలు వేరు, తుడిచే గుడ్డలు కూడా వేరు. నాయనమ్మ కళ్ళు తిప్పుకోలేకపోయింది. ఇంటికొచ్చి అమ్మని కూర్చోబెట్టి, "చూశావా? మాంసం తింటారు, అది వాళ్ళ ఖర్మ. కానీ ఎంత మడి! పాలగరిట పొరపాటున ఇటు రాదు. మన ఇంట్లో కోడిగుడ్డు కేకు పెట్టిన ఫ్రిజ్‌లోనే పెరుగు పెడుతున్నారు" అంది. అమ్మ ఆ తర్వాత వారం రోజులు రబ్బీ మామ్మ పేరెత్తితే మండిపడేది.

ఇంత స్నేహమైనా ఒకరింటి వంట ఇంకొకరు ముట్టరు. వాళ్ళ నియమం వాళ్ళది, మా నాయనమ్మ నియమం మా నాయనమ్మది. అందుకని ఇద్దరూ పళ్ళకి దిగారు. తొక్క తీయని కమలాలు, కోయని ఆపిల్ పళ్ళు, గెలనుంచి విరిచిన అరటిపళ్ళు, పెంకు పగలగొట్టని వాల్‌నట్లు. నాయనమ్మ కమలాపండు ఇస్తే మామ్మ పుచ్చకాయ పంపేది. పుచ్చకాయకి తగ్గకూడదని నాయనమ్మ నాన్నని షాపుకి తరిమేది. ఒక వేసవిలో రెండిళ్ళలో ఎటు చూసినా పళ్ళే. ఎవరు ఎవరికి ఇచ్చినవో తెలియక ఒకే అనాసపండు అటూ ఇటూ తిరిగి మగ్గిపోయింది.

శుక్రవారం పొద్దుగూకినప్పటినుంచి శనివారం చుక్కలు కనపడేదాకా వాళ్ళు దీపం వేయరు, పొయ్యి ముట్టించరు, కారెక్కరు. మమ్మల్ని వేయమని నోరు తెరిచి అడగనూ కూడదట. అందుకని మామ్మ మా గుమ్మం దగ్గరికి వచ్చి ఆకాశంకేసి చూసి, "ఇవాళ మా వంటిల్లు ఎంత చీకటిగా ఉందో!" అని నిట్టూర్చేది. నేను దూకుకుంటూ వెళ్ళి దీపం వేసేదాన్ని. తిరిగి వస్తుంటే, "ఆ బల్ల మీద బాదంపప్పులు ఎవరూ తినడం లేదు పాపం" అనేది. అవి నా జేబులోకి వచ్చేవి. ఈ సంగతి తెలిశాక నాన్న కూడా నేర్చాడు. సోఫాలో పడుకుని, "నేను కాఫీ అడగడం లేదు. ఈ ఇంట్లో గాలికి కాఫీ వాసన లేదు, అంతే అంటున్నాను" అనేవాడు. అమ్మ, "నాకు వాళ్ళ భాష రాదు" అనేది.

సాయంత్రాలు రబ్బీ తాత వరండాలో పాత కుర్చీలో కూర్చుని, ఎదురుగా మనవరాలినీ నన్నూ మెట్ల మీద కూర్చోబెట్టి తన ఊరి కబుర్లు చెప్పేవారు. కొండల మధ్య చిన్న ఊరు. ఆయన తండ్రి ఆ ఊరికి గురువు, తాత కూడా గురువే. ఆవు ఈనలేదన్నా, అల్లుడు అలిగి పోయాడన్నా, పిల్లకి సంబంధం కుదరలేదన్నా జనం ఆ ఇంటి వంటగది తలుపు దగ్గరికే వచ్చేవారు.

"ఆవు ఈనకపోతే మీ నాన్న ఏం చేసేవారు?" అని అడిగాను.

"ఏం చేస్తారు? కూర్చోబెట్టి సూపు పోసేవారు. ఆవుని గురించి శ్రద్ధగా ప్రశ్నలు అడిగేవారు. వాడు ఇంటికి వెళ్ళేసరికి ఒక్కోసారి ఈనేది కూడా."

ఊళ్ళో పనులు లేక కుర్రాళ్ళు ఒకరి వెంట ఒకరు ఓడెక్కి ఇక్కడి ఫ్యాక్టరీలకి వచ్చేశారట. కొన్నాళ్ళకి పెద్దాయనకి, అంటే రబ్బీ తాత తండ్రికి, కబురు పంపారు. ఇక్కడ పనుంది, రొట్టె ఉంది, ఇల్లుంది, ఒక మంచీ చెడ్డా అడగడానికి మనిషి లేడు, మీరు రండి అని. పెద్దాయన, "మనవాళ్ళు సగం అక్కడ, సగం ఇక్కడ. ఇక్కడివాళ్ళకి నేను ఉంటాను, అక్కడివాళ్ళకి నువ్వు వెళ్ళు" అని కొత్తగా పెళ్ళయిన కొడుకుని పంపేశారు.

"స్టేషన్‌లో దిగాను. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళని పోల్చుకోలేకపోయాను" అని రబ్బీ తాత పొట్ట కదిలేలా నవ్వేవారు. "అందరూ గడ్డాలు తీసేశారు! పెళ్ళికొడుకుల గుంపులా ఉన్నారు. చిన్నప్పుడు నాతో ఏట్లో ఈతకొట్టిన దర్జీని ఒక్కణ్ణే చెవుల్ని బట్టి గుర్తుపట్టాను. వాడి చెవులు అలాంటివి."

మొదటి శనివారం మందిరం శుభ్రం చేసుకుని ఎదురుచూస్తే ఒక్క మనిషీ రాలేదు. శనివారం కూడా షిఫ్టులు. పనికి వెళ్ళకపోతే సోమవారం రానక్కర్లేదంటారు. కుర్ర గురువుకి కోపం వచ్చిందట. శపిద్దామా అనుకున్నారట. తర్వాత, వీళ్ళు నన్ను పిలిపించుకుంది తిట్లు తినడానికా అనిపించి, కోటు తొడుక్కుని ఫ్యాక్టరీ దాకా నడిచి వెళ్ళి గేటు పక్కన నిలబడ్డారు. షిఫ్టు వదిలారు. మసి మొహాలతో బయటికి వచ్చినవాళ్ళు గురువుని చూసి తలలు దించుకున్నారు. ఆయన మాత్రం, "ఇంటికేనా? నేనూ అటే. నడుద్దాం రండి" అన్నారు. ట్రామెక్కడం మానేసి ఆయన వెంట నడిచారు. దారిలో ఆయన వాళ్ళ ఊరి పాట మొదలుపెట్టారు. మాటల్లేని పాట. మందిరం చేరేలోపు వీధంతా పాడింది. ప్రతి శనివారం అలాగే చేశారట, వానైనా చలైనా. మెల్లగా ఒకడు బేకరీ పెట్టుకున్నాడు, ఒకడు బట్టలకొట్టు పెట్టుకున్నాడు, శనివారం సెలవు ఇచ్చే పనులు వెతుక్కున్నారు. చివరికి గేటు దగ్గరికి వెళ్ళాల్సిన పనే లేకుండా పోయింది.

"ఆ తర్వాత?" అంటే, "ఆ తర్వాత యుద్ధం వచ్చింది" అని అక్కడ ఆపేసేవారు. మిగతాది రబ్బీ మామ్మ చెప్పింది. మాకు కాదు, నాయనమ్మకి. వెనక మెట్ల మీద అరచేయి చాపి, ఇదిగో ఊరు అన్నట్టు చూపించి, వేళ్ళతో ఇళ్ళూ మనుషులూ చెట్లూ అన్నీ పెట్టి, ఒక్కసారిగా గుప్పిట మూసేసి మళ్ళీ తెరిచింది. ఏమీ లేదు. నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

ఆ దర్జీ భార్యనీ బిడ్డనీ అక్కడే వదిలి ముందుగా వచ్చాడు, కుదురుకున్నాక పిలిపించుకుందామని. వాళ్ళు ఇక రాలేదు. ఆనాటినుంచి ఆయన మందిరంలో అడుగుపెట్టలేదు. పక్క వీధి మొదట్లో, మా గుమ్మాలు కనపడే ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. రోజూ మధ్యాహ్నం మాత్రం వెనక తలుపునుంచి వంటగదిలోకి వచ్చి రబ్బీ తాతతో చదరంగం ఆడేవాడు. ఇద్దరూ పెద్ద గొంతులతో కొట్లాడుకునేవారు. ఆయన ముందు గదిలోకి రాడు, ఈయన రమ్మనరు. మా నాయనమ్మకి చీరకుచ్చిళ్ళు నలగకుండా వెడల్పాటి ఉన్నికోటు కుట్టి ఇచ్చింది ఆయనే. కొలతలు తీసుకోనివ్వదని దూరంనుంచి కంటితోనే కొలిచి కుట్టాడు. అచ్చు సరిపోయింది.

ఊరు పోయిన రోజుని వాళ్ళు ఏటా చలికాలంలో తలుచుకునేవారు. మన తిథుల్లాగే వాళ్ళ లెక్కా చంద్రుణ్ణి బట్టే. అప్పటికే పిల్లలూ జీతాలూ పెరిగి చాలామంది కొత్త వీధులకి వెళ్ళిపోయారు. అయినా ఆ రోజున కార్లలో అందరూ వచ్చేవారు. ఒక ఏడు అది శనివారం పడింది. కార్లెక్కకూడదు. నడిచి రాగలిగినవాళ్ళే రావాలి, ఉన్నవాళ్ళంతా ముసలివాళ్ళు. చనిపోయినవాళ్ళ కోసం చేసే ఆ ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు ఉండి తీరాలి. ఒక్కరు తగ్గినా చేయకూడదు. ఊరు పోయిన ఏటినుంచీ అది ఒక్కసారీ ఆగలేదు.

శుక్రవారం నాన్న స్నేహితులు నలుగురు మా ఇంటికి భోజనానికి వచ్చారు. తినడం మొదలుపెట్టేసరికి మంచు మొదలైంది. కార్లు కదిలే దారి లేక హాల్లోనే దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. తెల్లవారి చూస్తే వీధి లేదు. మెట్లు లేవు. కార్లు ఉండాల్సినచోట తెల్లటి గుట్టలు. అమ్మ ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతోంది. నేను కిటికీలోంచి చూస్తే వరండాలో రబ్బీ తాత బొచ్చుటోపీతో నిలబడి వీధి చివరికేసి చూస్తున్నారు. పక్కన మామ్మ రుమాలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

మనవరాలు మెట్లమీద నడుం లోతు మంచులో దిగబడుతూ మా తలుపు దగ్గరికి వచ్చింది. "తాతయ్యలు ఎలా వస్తారు? ఇవాళ మేము పార పట్టకూడదు" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు. నేను లోపలికి వెళ్ళి నాయనమ్మకి చెప్పాను.

నాయనమ్మ పొయ్యి ఆర్పేసింది. "ఉప్మా తర్వాత. లేవండర్రా!" అంది.

"అత్తయ్యగారూ, మైనస్ ఫిఫ్టీన్ ఉంది బయట" అన్నాడు బెజవాడ అంకుల్, దుప్పట్లోంచే. ఆయన ఈ దేశం వచ్చి మూడు నెలలైంది.

"ఉంటే ఉండనీ. అవతల పెద్దకార్యానికి మనుషులు అందటం లేదు. మీ మామయ్యగారి తద్దినానికి ఈ ఊళ్ళో రెండో భోక్త దొరక్క నేను ఎలా ఏడ్చానో మీకు తెలుసా? ఆ గుంటూరు అబ్బాయి ఒహాయోనుంచి డ్రైవ్ చేసుకుని వస్తే గదా గండం గడిచింది! లేవండి."

లేచారు. మంకీ క్యాప్‌లు, చేతికి సాక్సులు. ఇంట్లో ఉన్న పార ఒకటి, అట్ల పెనం పెద్దది ఒకటి, బేసిన్లు రెండు, అట్టపెట్టె మూతలు. నలుగురూ ఇంజినీర్లేమో, మంచు ఏ కోణంలో ఎత్తాలో ముందు చర్చ పెట్టారు. "ఇంత స్నో హెవీగా ఉంటుంది రా, లేయర్ లేయర్‌గా తీయాలి" అని ఒకరు. "ముందు సెంటర్ లైన్ వేద్దాం" అని ఇంకొకరు. నాయనమ్మ ఉన్నికోటు మీద శాలువా కప్పుకుని వచ్చి బేసిన్ అందుకునేసరికి చర్చ ఆగిపోయింది.

ఏ ముసలాయన ఏ ఇంట్లో ఉంటారో మనవరాలికీ నాకూ తెలుసు. ఎవరి జేబులో ఏ చాక్లెట్ ఉంటుందో కూడా తెలుసు. మేం ముందు దూకుతుంటే నాన్నవాళ్ళు వెనక దారి తవ్వుకుంటూ వచ్చారు. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో తాత సిద్ధంగా కోటు వేసుకుని నిలబడి ఉన్నారు, మేం వస్తామని ముందే తెలిసినట్టు. బెజవాడ అంకుల్ ఒక తాతని చెయ్యి పట్టుకుని నడిపించబోయి తనే జారి కూర్చున్నాడు. ఆ తాతే ఆయన్ని లేపి, చెయ్యి పట్టుకుని మందిరం దాకా నడిపించాడు. కాసేపటికి సన్నటి దారిలో ఒకరి వెనక ఒకరు నల్లకోట్ల వరుస, మధ్యమధ్య మా రంగురంగుల మంకీ క్యాప్‌లు.

లోపలికి వెళ్ళాక లెక్క చూసుకున్నారు. తొమ్మిదిమంది. బేకరీ తాతకి దగ్గు ఎక్కువై రెండు రోజులకిందటే ఆసుపత్రిలో చేర్చారట. ఆయన సంగతి ఎవరికీ తట్టలేదు.

మనవరాలు ఏడుపు మొహంతో బయటికి వచ్చింది. "దర్జీ తాత ఉన్నారు. కానీ మా తాత అడగరు. ఎప్పుడూ అడగలేదు. వాడి దుఃఖంలోకి నేను కబురు పంపను అన్నారు" అంది.

నేను నాయనమ్మ చెవిలో వేశాను. ఆవిడ బేసిన్ నాన్న చేతిలో పెట్టి, "పద, చూపించు" అంది.

దర్జీ తాత వాకిట్లో మంచుని కాళ్ళతో తొక్కుకుంటూ వెళ్ళి తలుపు తట్టింది. ఆయన తలుపు తీశాడు. పైజమా మీద స్వెట్టర్, చేతిలో టీ గ్లాసు. నిజంగానే పెద్ద చెవులు. నాయనమ్మని చూసి, కోటుని చూసి, "ఏం, చంక దగ్గర బిగుతుగా ఉందా?" అన్నాడు.

నాయనమ్మ తెలుగులోనే మొదలుపెట్టింది. నేను ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను.

"అన్నయ్యగారూ, అక్కడ ఒక మనిషి తక్కువయ్యాడు."

"తెలుసు. కిటికీలోంచి లెక్కపెట్టాను" అన్నాడాయన. "నాకూ దేవుడికీ మాటల్లేవని ఆవిడకి చెప్పు."

చెప్పాను. నాయనమ్మ తలూపింది. "ఉండకపోతే మానె. నాకూ ఆయనకీ కూడా ఒక్కోసారి మాటలు ఉండవు. మా ఆయన పోయినప్పుడు ఏడాదిపాటు దీపం పెట్టలేదు నేను. దేవుడితో పోట్లాట ఉంటే దేవుడితో తేల్చుకో. పోయినవాళ్ళు ఏం చేశారయ్యా? నీ భార్య, నీ బిడ్డ, వాళ్ళని తలుచుకోవడానికి అక్కడ తొమ్మిదిమంది ముసలాళ్ళు గడ్డకట్టుకుపోతూ వచ్చారు. నువ్వు మంత్రం చదవొద్దు. ఊరికే నిలబడు. మా ఇంట్లో భోక్తలకి మంత్రాలు రాకపోయినా పరవాలేదు, మనిషి ఉంటే చాలు."

భోక్త అనే మాటకి నాకు ఇంగ్లీషు దొరకలేదు. "గెస్ట్" అన్నాను. "గెస్ట్‌గా వస్తే చాలంటోంది."

ఆయన టీ చివరి గుక్క తాగాడు. తర్వాత గ్లాసు కిటికీ గట్టుమీద పెట్టి లోపలికి వెళ్ళాడు. తలుపు వేసేస్తాడేమో అనుకున్నాను. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చాడు. నాయనమ్మ తొక్కిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ మా వెనక నడిచాడు.

అలవాటు కొద్దీ వెనక తలుపునుంచే వంటగదిలోకి వెళ్ళాడు. మామ్మ పక్కకి జరిగి దారి ఇచ్చింది. ముందు గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి అడుగుపెట్టాడు. మేం మా ఇంట్లోకి పరిగెత్తి గోడకి చెవులు ఆనించాం. నాన్న, అమ్మ, నాయనమ్మ, మంచు కరిగి కారుతున్న సాక్సులతో అంకుల్‌లు అందరూ వరుసగా.

ఏమీ వినపడలేదు. తర్వాత రబ్బీ తాత గొంతు, మెల్లగా. దానికి అందరూ కలిసి పలికిన జవాబు. మళ్ళీ ఆయన, మళ్ళీ వాళ్ళు. ఒకచోట ఒక కొత్త గొంతు కలిసింది, బొంగురుగా, మిగతావాళ్ళకంటే కాస్త వెనకగా. మామ్మ ఏడుపు వంటగదిలోంచి వినిపించింది. ఆ తర్వాత పాట మొదలైంది.

"ఇదేం రాగమంటావురా?" అని నాన్న అడిగితే, కాస్త సంగీతం తెలిసిన అంకుల్ కళ్ళు మూసుకుని ఆలోచించసాగాడు.

"ఏదైతేనేం. ఏడవకుండా ఉండటానికి పాడుతున్నారు" అంది నాయనమ్మ.

అలాగే మొదలైంది పాట. కానీ అలాగే ఉండలేదు. మెల్లగా నడక పెరిగింది. నేల అదరసాగింది. ఆ ముసలి కాళ్ళు అన్నీ కలిసి గంతులు వేస్తున్నాయి. మా వంటింటి అలమరలో గ్లాసులు గలగలలాడాయి. అమ్మ పరిగెత్తి ఆవకాయ జాడీ పట్టుకుంది. బెజవాడ అంకుల్ తొడమీద తాళం వేయడం మొదలుపెట్టాడు. మాటలు లేవు కదా, ఎవరికైనా వచ్చేస్తుంది. మేమూ గోడ ఇవతల పాడాం.

ప్రార్థన అయ్యాక అందరూ వరండాలోకి వచ్చారు. రబ్బీ తాత వీధి చివరిదాకా తవ్విన దారిని చూశారు. గుమ్మంలో వరుసగా పడి ఉన్న పార, పెనం, బేసిన్లు చూశారు. నాన్న రెండు చేతులూ పట్టుకుని ఊపారు. ఊపుతూ ఊపుతూ గుండ్రంగా తిప్పేశారు. మా నాన్న పెళ్ళిలో కూడా అలా తిరిగి ఉండడు.

దర్జీ తాత అందరికంటే చివర వచ్చాడు. అందరూ ఆయనకేసి చూస్తున్నారు. "ఏంటలా చూస్తారు? నేనేం ఆయన కోసం రాలేదు" అని ఆకాశంకేసి వేలు చూపించాడు. "ఈవిడ నా తలుపు దగ్గర నిలబడింది. ఎంత తిట్టిందో నాకు అర్థం కాలేదు, భయమేసి వచ్చాను." మరుసటి ఏడు మాత్రం ఎవరూ పిలవకుండానే ముందు తలుపునుంచి వచ్చి, గదిలో హీటర్ ఎక్కువ పెట్టారని గొడవ చేశాడట.

ఆ వసంతంలో మా బాబాయి కూతురి పెళ్ళి కుదిరి నాయనమ్మ ఇండియాకి బయల్దేరింది. రెండు రోజుల ముందు రబ్బీ తాత నన్ను వరండాలోకి పిలిచారు.

"మీ నాయనమ్మకి ఆవిడ భాషలో ఒక మాట చెప్పాలి. వెళ్ళండి అనడానికి ఏమంటారు?"

"వెళ్ళండి అనకూడదు తాతా! కొడుతుంది. వెళ్ళి రండి అనాలి."

"అంటే?"

"గో అండ్ కమ్. ఒట్టి 'వెళ్ళు' ఎవరూ అనరు. ఎంత దూరం వెళ్ళినా 'వెళ్ళి రా' అనే అంటారు."

ఆయన గడ్డం నిమురుకున్నారు. నేను తప్పు చెప్పానేమో అనుకున్నాను.

"నేను బయల్దేరిన రోజు మా నాన్న బండి దాకా వచ్చారు. 'వెళ్ళు' అన్నారు. అంతే. మా భాషలో ఆ మాట అంతే ఉంది" అన్నారు. తర్వాత కుర్చీలో ముందుకి వంగి, "ఇంకోసారి చెప్పు. మెల్లగా చెప్పు" అన్నారు.

నాయనమ్మ బయల్దేరే పొద్దున నాన్న కారులో పెట్టెలు సర్దుతున్నాడు. రబ్బీ మామ్మ సంచీ నిండా పళ్ళు తెచ్చి కావలించుకుంది. రబ్బీ తాత మెట్లు దిగి వచ్చి, కాస్త దూరంలో నిలబడి, నేలచూపులు చూస్తూ, గొంతు సవరించుకున్నారు.

"వెల్లీ రందీ."

నాయనమ్మ కొంగు భుజంమీదికి లాక్కుని, ఆయనలాగే నేలకేసి చూస్తూ, "అలాగే అన్నయ్యగారూ, వస్తాను" అంది. ఆకులు రాలేలోపు వచ్చేసింది కూడా, పెద్ద జాడీడు ఆవకాయతో. శుక్రవారాలు మాత్రం మూత తీసేది కాదు.

ఆయన ఆ మాట అక్కడితో వదల్లేదు. ఏటేటా ఒకరో ఇద్దరో సామాన్లు సర్దుకుని దూరపు వీధులకి వెళ్ళిపోతుండేవారు. మొహం చెల్లక చీకటి పడ్డాక చెప్పి వెళదామని చూసేవారు కొందరు. ఆయన మాత్రం లారీ దాకా వచ్చి, పిల్లల తలలమీద చెయ్యి పెట్టి, పెద్దగా, "వెల్లీ రందీ" అని సాగనంపేవారు. అదేదో పాత గ్రంథాల భాషలో ఆశీర్వచనం అనుకుని వాళ్ళు భక్తిగా "ఆమెన్" అనేవారు. మనవరాలూ నేనూ చెట్టు చాటున నోళ్ళు మూసుకుని నవ్వలేక చచ్చేవాళ్ళం. ఆయన్ని అర్థం అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఆయన చెప్పనూ లేదు.

రబ్బీ తాతా, మామ్మా, నాయనమ్మా, నాన్నా ఎవరూ లేరిప్పుడు. ఆ జంట ఇల్లు కూడా లేదు. మనవరాలు న్యూజెర్సీలో పన్నెండుమంది మనవలకి అమ్మమ్మ. కిందటేడు ఫోన్ చేసి ఒక సంగతి చెప్పింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్ళ చుట్టాల పెళ్ళికి వెళ్ళిందట. కొత్త జంట కారెక్కుతుంటే పెళ్ళికూతురి తాత ముందుకు వచ్చి, రెండు చేతులూ వాళ్ళ తలలమీద పెట్టి, కళ్ళు మూసుకుని, మా ఊరి పెద్దల దీవెన ఇది అని చెప్పి మరీ, ఆ మాట అన్నాడట.

"నువ్వేం చేశావే?" అన్నాను.

"నేనూ ఆమెన్ అన్నాను" అంది.